‘మీ ఉద్యోగాలకు ఏమీ కాదు’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. పై చదువుకని అమెరికా వచ్చి, ఆ చదువు మధ్యలో వదిలి విమానం నడపడం నేర్చుకున్నాను. కొన్నాళ్లు శిక్షకుడిగా, కొన్నాళ్లు ఒక చిన్న ప్రాంతీయ సంస్థలో పైలట్‌గా పనిచేసి, ఏడేళ్ల క్రితం ఒక కార్గో విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, చేరాను. ఇప్పుడు నా వయసు 41. నిరుడు మా మాతృసంస్థ చేతులు మారింది. దాని కిందే ఇంకో కార్గో విమాన సంస్థ కూడా ఉంది. రెండింటినీ కలిపి ‘పునర్వ్యవస్థీకరణ’ చేస్తున్నామని కొత్త యాజమాన్యం అంటోంది. ‘మీ ఉద్యోగాలకు ఏమీ కాదు’ అని పెద్దాయన మూడు టౌన్‌హాల్ సమావేశాల్లో చెప్పారు. కానీ నన్ను కెప్టెన్‌ని చేసే శిక్షణ తరగతి రద్దయింది. నేను తిరిగే రూట్లలో రెండు ఆ సోదర సంస్థకు వెళ్లిపోయాయి. కాంట్రాక్టు చర్చలు తెగడం లేదు, యూనియన్ సమ్మె ఓటు పెట్టబోతోంది. వాట్సాప్ గ్రూపులో రోజుకొక పుకారు. రోస్టర్ మారిందని మెసేజ్ వస్తే చాలు, దీని వెనక ఏముందో అనుకుంటూ నిద్ర పోగొట్టుకుంటున్నాను. పోయిన నెల అలాగే నిద్ర లేకుండా ఉండి కూడా, అలసటగా ఉందని ఫోన్ చేస్తే పేరు రాసుకుంటారేమోనని ఒక రాత్రి ఫ్లైట్ చేశాను. ఆర్టీసీలో రిటైరైన మా నాన్నగారు సమ్మె జోలికి పోవద్దంటున్నారు. నా భార్యకు ఇప్పుడు ఆరో నెల. ఇల్లు కొనడానికి డబ్బు కూడబెట్టుకున్నాం. ఈ యాజమాన్యాన్ని నమ్మాలా? వేరే సంస్థకు వెళ్లిపోవాలా? సమ్మెకు ఓటు వెయ్యాలా?
— ఒక పాఠకుడు, అమెరికా

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే వాటికంటే ముందు, మాటవరసకు రాసినట్లు రాసిన ఆ రాత్రి ఫ్లైట్ సంగతి మాట్లాడుకోవాలి. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టిన వాక్యం అదొక్కటే. యాజమాన్యం మీద అపనమ్మకం మీ జేబుకూ మీ ఇంటి నిర్ణయాలకూ పరిమితమై ఉన్నంతకాలం దానితో వేగవచ్చు. అదే అపనమ్మకం నిద్ర చాలని మనిషిని తెల్లవారుజామున మూడు గంటలకు కాక్‌పిట్‌లో కూర్చోబెట్టినప్పుడు, పక్క సీట్లో ఉన్న కెప్టెన్ ప్రాణం కూడా దానికి తాకట్టు పడుతుంది.

మీకు తెలిసిన విషయమే అయినా మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయాక, పైలట్ల పని గంటలకూ విశ్రాంతికీ అమెరికా కొత్త నిబంధనలు తయారుచేసింది. అవి 2014 జనవరి 4 నుంచి అమలులోకి వచ్చాయి గానీ ప్రయాణికుల విమానాలకే వర్తించాయి. ఖర్చుకు తగిన ప్రయోజనం లేదన్న లెక్కతో కార్గో పైలట్లను వాటి నుంచి మినహాయించారు. ఆ నిబంధనలు అమలు కావడానికి అయిదు నెలల ముందే, 2013 ఆగస్టు 14న, యూపీఎస్ కార్గో విమానం ఒకటి అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో తెల్లవారకముందు దిగబోతూ కూలింది. అందులో ఉన్న పైలట్లిద్దరూ చనిపోయారు. దర్యాప్తు చేసిన సంస్థ ప్రమాదానికి తోడైన కారణాల్లో అలసటను కూడా చేర్చింది. కార్గో పైలట్లు యాజమాన్యాలనూ ప్రభుత్వాన్నీ అంత సులువుగా నమ్మకపోవడానికి మూలం ఇక్కడ ఉంది. పెట్టెల ముందు కూర్చున్న మనిషి నిద్రకూ, ప్రయాణికుల ముందు కూర్చున్న మనిషి నిద్రకూ వేరువేరు వెల కట్టారన్న బాధ వాళ్లది. అది న్యాయమైన బాధే అని నా అభిప్రాయం.

ఆ కొత్త నిబంధనలు వర్తించకపోయినా మీరు నిస్సహాయులు కారు. అలసట వల్ల వచ్చే ముప్పును నియంత్రించే ప్రణాళిక ఒకటి తయారుచేసి ఆమోదం పొంది తీరాలని 2010 నాటి చట్టం అక్కడి విమాన సంస్థలన్నిటికీ విధించింది, కార్గో సంస్థలకు కూడా. మీ సంస్థ ప్రణాళికలో అలసట నివేదిక ఎలా ఇవ్వాలో రాసి ఉంటుంది, దాన్ని తీసి చదవండి. భద్రతకు సంబంధించిన విషయం తెలియజేసినందుకు ఉద్యోగి మీద కక్ష సాధిస్తే కాపాడటానికి 2000 సంవత్సరంలో వచ్చిన ఏఐఆర్ 21 చట్టం ఉంది. కక్ష సాధింపు జరిగిన రోజు నుంచి 90 రోజుల్లోగా కార్మిక శాఖలో ఉద్యోగుల భద్రత చూసే ఓషా అనే విభాగానికి ఫిర్యాదు చేయాలి. ఈ గడువు చాలామందికి తెలియదు. తెలిసేసరికి దాటిపోతుంది. అందువల్ల మళ్లీ అటువంటి రాత్రి వస్తే ఫోన్ చేసి అలసటగా ఉందని చెప్పండి. ఎన్ని గంటలకు చేశారు, ఎవరు ఎత్తారు, ఏమన్నారు అన్నది అప్పుడే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఆ తరువాత పడుకోండి. పేరు రాసుకుంటే రాసుకోనివ్వండి. మీ దగ్గర కూడా రాత ఉంటుంది.

ఇక మొదటి ప్రశ్న. యాజమాన్యాన్ని నమ్మాలా అని మీరు అడిగారు. నేను ఒకప్పుడు ఫోన్‌కు అవతలి వైపు కూర్చున్నవాణ్ని కనుక, అక్కడి నుంచి ఈ విషయం ఎలా కనబడుతుందో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం గల్ఫ్‌లో ఒక సరుకు విమాన సంస్థలో క్రూ షెడ్యూలింగ్ విభాగంలో, అంటే పైలట్లకు డ్యూటీలు వేసే చోట, పనిచేసేవాణ్ని. సంస్థ చేతులు మారుతోందనీ, సిబ్బంది స్థావరమైన మా బేస్ మూసేస్తారనీ గుసగుసలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం మా అందరి బల్లల మీద, ఫోన్ పక్కనే, ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం కనబడింది. పైలట్లు అడిగితే ఏం చెప్పాలో అందులో రెండు వాక్యాలు ఉన్నాయి. బేస్ గురించి ఎటువంటి నిర్ణయమూ తీసుకోలేదు, పని యథావిధిగా సాగుతుంది అని వాటి సారాంశం. ఆ వారంలోనే ఒక తమిళ కెప్టెన్ ఫోన్ చేశాడు. రోస్టర్ గురించి రెండు ముక్కలు మాట్లాడి, గొంతు తగ్గించి, ‘పిల్లల స్కూలు ఫీజు ఏడాదిదంతా ఒకేసారి కడితే తగ్గిస్తామంటున్నారు, కట్టెయ్యమంటావా, ఒక్క టర్ముది కట్టమంటావా?’ అని అడిగాడు. నేను కాగితం వైపు చూశాను. ‘ఏడాదిది కట్టెయ్యండి సార్, ఏమీ కాదు’ అన్నాను. నాలుగు వారాల తరువాత బేస్ మూసేశారు. ఆయన డబ్బులో సగం కూడా స్కూలు వాళ్లు తిరిగి ఇవ్వలేదు.

నేను అబద్ధం చెప్పలేదు, నాకు తెలియదు. నా పైన ఉన్న మేనేజరుకూ తెలియదని తరువాత అర్థమైంది, ఆయన ఉద్యోగం కూడా మాతోపాటే పోయింది. అన్నిటికంటే బాధ పెట్టిన సంగతి ఏమిటంటే, ఆ కాగితంలోని మొదటి వాక్యం ఆ రోజుకు అక్షరాలా నిజం. నిర్ణయం అప్పటికి ఇంకా ‘తీసుకోలేదు’. ‘తీసుకోము’ అని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ రెండు క్రియల మధ్య ఉన్న దూరంలోనే ఆ కెప్టెన్ డబ్బు పోయింది. మీ పెద్దాయన టౌన్‌హాల్‌లో చెప్పిన మాటల రికార్డు దొరికితే మళ్లీ వినండి. క్రియ ఏ కాలంలో ఉందో, ‘ప్రస్తుతానికి’, ‘ఈ దశలో’ అన్న మాటలు ఎక్కడెక్కడ పడ్డాయో గమనించండి.

కాబట్టి ఆయన మంచివాడా, నిజాయితీపరుడా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే మీకు తోవ దొరకదు. మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఆయన ఇస్తున్న మాటకు సంబంధించిన నిర్ణయం ఆయన చేతిలోనే ఉందా? రేపు ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చినా ఆ మాట నిలబడేటట్లు ఎక్కడైనా సంతకం పడిందా?

ఈ రెండింటిలో మొదటి ప్రశ్నకు అమెరికా కార్గో చరిత్రలో విల్మింగ్టన్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒహాయో రాష్ట్రంలో క్లింటన్ కౌంటీకి కేంద్రమైన ఆ చిన్న ఊళ్లో, పాత వైమానిక స్థావరంలో, 1980 నుంచి ఎయిర్‌బోర్న్ సంస్థ సరుకు విమానాల హబ్, అంటే సరుకును ఒకచోట చేర్చి విడదీసి పంపే కేంద్రం, నడిపింది. 2003లో జర్మనీ తపాలా సంస్థకు చెందిన డీహెచ్‌ఎల్ దాన్ని కొన్నది. అమెరికా విమాన సంస్థలో విదేశీయులకు 25 శాతానికి మించి ఓటు హక్కు ఉండకూడదన్న చట్టం వల్ల విమానాల భాగాన్ని మాత్రం విడదీసి ఏబీఎక్స్ ఎయిర్ అనే స్వతంత్ర సంస్థగా నిలబెట్టారు. పేరుకు స్వతంత్రమే గానీ పని దాదాపు అంతా డీహెచ్‌ఎల్‌దే. 2005లో డీహెచ్‌ఎల్ తన సిన్సినాటి హబ్‌ను కూడా తెచ్చి విల్మింగ్టన్‌లోనే కలిపింది. ఇంత దూరం వచ్చి ఇంత కట్టుకున్నవాళ్లు ఇక ఎక్కడికి వెళతారని ఊరంతా అనుకున్నారు. మూడేళ్లు తిరగకుండానే, 2008 మే 28న, తన సరుకును యూపీఎస్ విమానాలకు అప్పగించాలని చూస్తున్నట్లు డీహెచ్‌ఎల్ ప్రకటించింది. ఆ ఏడాది నవంబరు 10న ఇంకా ముందుకు వెళ్లి, అమెరికా లోపలి ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్నే మానుకుంటున్నామనీ, మరో 9,500 ఉద్యోగాలు తీసేస్తున్నామనీ చెప్పింది. మిగిలిన అంతర్జాతీయ సరుకును 2009లో మళ్లీ సిన్సినాటికే తీసుకుపోయింది.

ఇందులో ఎవరు ఎవరికి అబద్ధం చెప్పారు? 2005లో హబ్ కట్టినవాళ్లు మోసం చేయాలని కట్టి ఉంటారని నేను అనుకోను. ఏబీఎక్స్ యాజమాన్యం తన పైలట్లకు ఏ హామీ ఇచ్చినా, ఆ హామీ నిలబడటం నిలబడకపోవడం వాళ్ల చేతిలో లేదు, జర్మనీలోని బాన్ నగరంలో కూర్చున్న డీహెచ్‌ఎల్ పెద్దల చేతిలో ఉంది. మీ సంస్థలో కూడా రూట్లు ఎవరివో, సరుకు ఎవరిదో, విమానాలు ఎవరి పేరున ఉన్నాయో కనుక్కోండి. విమానం మాతృసంస్థ పేరున ఉండి, సరుకు ఒకరిద్దరు పెద్ద ఖాతాదారులదై ఉంటే, మీ సంస్థ అధ్యక్షుడి మాటకు ఉన్న విలువ ఆయన మంచితనాన్ని బట్టి కాక ఆ ఒప్పందాల గడువును బట్టి ఉంటుంది. ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకోవడం మూడు టౌన్‌హాల్ ప్రసంగాలు వినడం కంటే ఎక్కువ ఉపయోగం.

ఇందుకు ఒక అడ్డంకి ఉంది. మాతృసంస్థ షేర్లు మార్కెట్లో ఉన్నంతకాలం మూడు నెలలకొకసారి లెక్కలు, ముఖ్యమైన ఒప్పందాల వివరాలు ప్రభుత్వానికి దాఖలు చేయవలసి ఉండేది, పైలట్లు కూడా వాటిని చదువుకునేవారు. పెట్టుబడి నిధులు కొన్నాక ఆ కిటికీ చాలావరకు మూసుకుంటుంది. 2023 మార్చిలో అట్లాస్ ఎయిర్ అనే కార్గో సంస్థ మాతృసంస్థను అపోలో అనే పెట్టుబడి సంస్థ బృందం కొన్నప్పుడూ, ఏబీఎక్స్ మాతృసంస్థను 2025లో స్టోన్‌పీక్ కొన్నప్పుడూ షేర్లు మార్కెట్ నుంచి బయటికి వెళ్లిపోయాయి. కిటికీ మూస్తే గదిలో ఏం జరుగుతోందో ఊహించుకోవడమే మిగులుతుంది, మీ వాట్సాప్ గ్రూపులో జరుగుతున్నది అదే. చేతులు మారకముందు చివరగా దాఖలైన వార్షిక నివేదిక ఇప్పటికీ దొరుకుతుంది. అందులో వ్యాపారానికి ఉన్న ముప్పుల గురించి రాసిన పేజీలు నిదానంగా చదవండి. యాజమాన్యాలు ఉద్యోగులకు చెప్పని నిజాలు కొన్ని మదుపరులకు చెప్పక తప్పదు.

పుకార్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. విల్మింగ్టన్ పని అయిపోయిందని 2009లో అందరూ తేల్చేశారు. 2015లో అమెజాన్ తన సరుకు విమానాల ప్రయోగాన్ని మొదలుపెట్టింది అక్కడి నుంచే, మరుసటి ఏడాది ఏబీఎక్స్ మాతృసంస్థ నుంచి ఇరవై బోయింగ్ 767లను లీజుకు తీసుకుంది. యాజమాన్యం ఆశ పెట్టి చెప్పిన మాట ఎంత తప్పు కావచ్చో, క్రూ రూములో నిరాశతో చెప్పిన మాట కూడా అంతే తప్పు కావచ్చు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే పని మానుకోండి. రోస్టర్ మార్పు మెసేజ్ పంపిన అమ్మాయికో అబ్బాయికో, నాకు అప్పట్లో తెలిసినంత కూడా తెలిసి ఉండకపోవచ్చు.

రెండో ప్రశ్న, అంటే సంతకం ఎక్కడ పడింది అన్నది, మీ కాంట్రాక్టు పుస్తకంలో తేలుతుంది. సాధారణంగా మొదటి సెక్షన్‌లోనే, ఈ సంస్థ చేసే పనిని ఎవరు నడపాలి, సంస్థను కొన్నవాళ్లు ఈ కాంట్రాక్టుకు కట్టుబడాలా, మరో సంస్థతో కలిస్తే ఏం చేయాలి అన్న షరతులు ఉంటాయి. జీతాల పట్టిక కంఠతా వచ్చిన పైలట్లలో చాలామంది ఈ సెక్షన్ ఒక్కసారైనా చదివి ఉండరు. ఒక సాయంత్రం కూర్చుని చదవండి, అర్థం కానిచోట యూనియన్ ప్రతినిధిని అడగండి. మీ రెండు రూట్లు సోదర సంస్థకు వెళ్లడం ఆ షరతులకు లోబడి జరిగిందా, వాటిని తోసిపుచ్చి జరిగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒకే మాతృసంస్థ కింద రెండు విమాన సంస్థలను వేరువేరు లైసెన్సులతో ఉంచి, తక్కువకు ఒప్పుకున్నవాళ్లకు పని ఇస్తామని ఇద్దరి మధ్యా పోటీ పెట్టడం ఈ పరిశ్రమలో పాత పద్ధతి. అమెరికా పైలట్లు దాన్ని రెండు వైపులా కోసే రంపంతో పోలుస్తారు. రెండింటినీ నిజంగా కలిపి ఒకే సంస్థ చేస్తే, సీనియారిటీ జాబితాలను న్యాయంగా, సమంజసంగా కలపాలని 2007 చివర్లో వచ్చిన మెకాస్కిల్-బాండ్ చట్టం చెబుతుంది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థను తీసుకున్నప్పుడు చాలామంది టీడబ్ల్యూఏ పైలట్లు జాబితా అడుగుకు పడిపోయిన అనుభవం నుంచి పుట్టిన చట్టం అది. కలపకుండా విడివిడిగా ఉంచినంతకాలం ఆ చట్టం మీకు అక్కరకు రాదు. అందువల్ల ‘పునర్వ్యవస్థీకరణ’ అంటే ఒకే లైసెన్సు కిందికి రావడమా, కార్యాలయాలు మాత్రమే కలపడమా అని యూనియన్ ద్వారా రాతపూర్వకంగా అడిగించండి. వచ్చే టౌన్‌హాల్‌లో వేయవలసిన ప్రశ్న ఇదే. దానికి జవాబు రాకపోవడం కూడా ఒక సమాచారమే.

కాంట్రాక్టులో ఉన్న ప్రతి షరతూ మనకు రక్షణే అనుకోకూడదని అట్లాస్ పైలట్ల అనుభవం చెబుతుంది. 2016లో అట్లాస్ మాతృసంస్థ సదరన్ ఎయిర్ అనే మరో కార్గో సంస్థను కొన్నది. విలీనం జరిగినప్పుడు నిర్ణీత గడువులో ఉమ్మడి కాంట్రాక్టు కుదరకపోతే మిగిలిన అంశాలు ఆర్బిట్రేటర్, అంటే ఇరుపక్షాలూ కట్టుబడవలసిన తీర్పరి, తేల్చాలన్న షరతు పాత కాంట్రాక్టులో ఉంది. మామూలు పద్ధతిలో కొత్త కాంట్రాక్టు బేరమాడదామని పైలట్లు, విలీనం షరతు ప్రకారమే పోదామని యాజమాన్యం. ఏళ్లతరబడి వ్యాజ్యాలు నడిచాక యాజమాన్యం వాదనే నెగ్గింది, 2021 సెప్టెంబరులో ఆర్బిట్రేటర్ తేల్చిన కాంట్రాక్టు పైలట్లకు వర్తించింది. దాని మీద వాళ్లకు ఓటు లేకుండా పోయింది. మీ విలీనం షరతులో అటువంటిది ఉందా అన్నది ఇప్పుడే తెలుసుకోండి.

వేరే సంస్థకు వెళ్లిపోవాలా అన్నదానికి నా సమాధానం, ఇప్పుడు వద్దు. కోపం మీద అయితే అసలే వద్దు. మీ వృత్తిలో సీనియారిటీ మూట కట్టుకుని తీసుకుపోయేది కాదు. ఎంత అనుభవం ఉన్నా కొత్త సంస్థలో జాబితా చివరనే నిలబడాలి. 65 ఏళ్లకు పదవీ విరమణ తప్పదు కనుక మీకు ఇరవై నాలుగేళ్లు మిగిలాయి. అందులో ఎన్నేళ్లు మళ్లీ అడుగు నుంచి ఎక్కడానికి ఖర్చవుతాయో లెక్క వేసుకోండి. అయితే ఆ లెక్క వేయడానికి రాజీనామా అక్కర్లేదు. మీ లాగ్‌బుక్, మెడికల్, సర్టిఫికెట్లు సిద్ధంగా పెట్టుకుని, మీకు నచ్చిన ఒకటి రెండు సంస్థలకు దరఖాస్తు చేసి ఉంచుకోండి. దరఖాస్తు పెట్టుకోవడం ద్రోహం కాదు. అవతల ఉద్యోగం చేతికి అందినప్పుడు మీ జాబితాలో మీ కింద ఎంతమంది ఉన్నారో చూడండి. ఫర్లో, అంటే పని లేదని తాత్కాలికంగా ఇంటికి పంపడం, ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది. మీ కింద ఉన్నవాళ్ల సంఖ్య ప్రతి నెలా తగ్గుతూ వస్తుంటే, అప్పుడు వెళ్లడం గురించి ఆలోచించవచ్చు.

ఇక సమ్మె ఓటు. మీ నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48 వేలమంది తమ ఉద్యోగాలను తామే పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించడం, జీతాలు ఆగిపోవడం, కొందరు ప్రాణాలు తీసుకోవడం ఆయన తన తోటివాళ్ల ఇళ్లలో చూసి ఉంటారు. అది చూసినవారు కొడుకును సమ్మె వద్దని అనడంలో ఆశ్చర్యం లేదు. అయితే మీరున్న చోట చట్టం వేరు, దాన్ని ఆయనకు ఓపికగా వివరించండి. అమెరికాలో విమాన సిబ్బందికి వర్తించేది 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్, 1936లో దాన్ని విమానాలకు విస్తరించారు. దాని ప్రకారం కాంట్రాక్టు గడువు దాటినా రద్దు కాదు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. చర్చలు జాతీయ మధ్యవర్తిత్వ మండలి చేతికి వెళతాయి. ఆ మండలి ఇక లాభం లేదని తేల్చి వదిలిపెట్టాలి, ఆ తరువాత 30 రోజులు ఆగాలి, అవసరమనుకుంటే దేశాధ్యక్షుడు కూడా కలగజేసుకోవచ్చు. ఇవన్నీ దాటితేగాని సమ్మె లేదు. సమ్మె ఓటు అంటే సమ్మె కాదు, చర్చల బల్ల దగ్గర కూర్చున్న మీ ప్రతినిధులకు మీరిచ్చే అధికార పత్రం. 2023 మేలో ఫెడెక్స్ పైలట్లు 99 శాతం మంది అటువంటి ఓటు వేశారు, సమ్మె జరగలేదు.

నేనైతే అవునని ఓటు వేస్తాను. యాజమాన్యం నోటిమాటగా ఇస్తున్న హామీని రాతలోకి తేగల సాధనం మీ దగ్గర ఇదొక్కటే ఉంది. అయితే యూనియన్ నాయకత్వాన్ని కూడా అదే గీటురాయి మీద చూడండి. అదే ఫెడెక్స్ పైలట్లు, 2023 జులైలో తమ ప్రతినిధులు కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని 57 శాతం ఓట్లతో తిరస్కరించారు. ఆ తరువాత రెండేళ్లు గడిచినా కొత్తది కుదరలేదు. అది మంచిదా చెడ్డదా అని దూరం నుంచి తీర్పు చెప్పను గానీ, కాదనడానికి కూడా ఒక వెల ఉంటుందని, ఆ వెల నెలనెలా జీతంలో పడుతుందని మీరు తెలిసి ఓటు వేయాలి.

ఒక్క విషయంలో మాత్రం మీకు గట్టిగా హెచ్చరిక చేస్తున్నాను. పలానా తేదీన అందరం సిక్ కాల్ పెడదాం (ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి డ్యూటీ మానేద్దాం), విమానాలను ఆలస్యం చేద్దాం అన్న మాట గ్రూపులో వస్తే అందులో చేరకండి, సరేనన్న బొటనవేలి గుర్తు కూడా పెట్టకండి. 2017లో అట్లాస్ యాజమాన్యం సరిగ్గా అటువంటి ఆరోపణతోనే కోర్టుకు వెళ్లి, ఆ నవంబరులో అటువంటివి ఆపాలని పైలట్ల యూనియన్ మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది, 2019లో పై కోర్టు దాన్ని సమర్థించింది. అంతకు ముందు, 2016 నవంబరులో, సెలవు రోజుల్లో బలవంతంగా డ్యూటీలు వేస్తున్నారని ఏబీఎక్స్ పైలట్లు సమ్మెకు దిగితే, మరునాడే ఫెడరల్ కోర్టు వాళ్లను పనిలోకి వెళ్లమంది. ఉన్న కాంట్రాక్టును ఎలా అన్వయించాలన్న తగాదా ఆర్బిట్రేషన్‌కే పోవాలి, సమ్మెకు కాదు అన్నది యాజమాన్యం వాదన. గోడు న్యాయమైనదే కావచ్చు, తొందరపాటు వల్ల పైచేయి అవతలివాళ్లదైంది. మీ నిజమైన అలసటకూ, ఎవరో చెప్పగా పెట్టిన సిక్ కాల్‌కూ తేడా స్పష్టంగా ఉంచుకోండి. రెండోదాంట్లో మీరు లేరన్న సంగతే మొదటిదాన్ని కాపాడుతుంది.

ఇల్లు ఇప్పుడు కొనకండి. కెప్టెన్ జీతం లెక్క వేసుకుని అయితే అసలు వద్దు. ఆ డబ్బును కదపకుండా ఉంచి, ఫస్ట్ ఆఫీసర్‌గా కాంట్రాక్టులో మీకు హామీ ఉన్న కనీస గంటల జీతం మీద ఆరు నెలలు బతికి చూడండి. ఓవర్‌టైం రోజులనూ, రాబోయే ప్రమోషన్‌నూ నమ్ముకుని వాయిదాలు పెట్టుకున్న ఇళ్లు ఫర్లో మొదలైన నెలలోనే అమ్మకానికి రావడం చూశాను.

మీ భార్య కాన్పు గురించి మాత్రం ఈ వారమే చేయవలసిన పని ఉంది. మీ ఆరోగ్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంది. పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేటప్పుడు, వందమందికి పైగా ఉన్న సంస్థ కొన్ని మినహాయింపులతో 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని వార్న్ చట్టం అంటుంది. ఉద్యోగం పోయినా కోబ్రా అనే ఏర్పాటు కింద అదే బీమాను సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. అయితే సంస్థ కడుతున్న వాటా కూడా మీరే కట్టాలి, దాని మీద రెండు శాతం అదనం. ఆ మొత్తం నెలకు ఎంత అవుతుందో హెచ్‌ఆర్ విభాగాన్ని ఈమెయిల్‌లో అడగండి, జవాబును ముద్రించి దాచుకోండి. ఫర్లో అయితే బీమా ఎన్ని నెలలు నడుస్తుందన్నది మీ కాంట్రాక్టులోనే వేరుగా ఉండవచ్చు, ఆ పేజీకి గుర్తు పెట్టుకోండి. కాన్పు అయ్యే నెల నుంచి బిడ్డ టీకాలు పూర్తయ్యే దాకా ఎంత డబ్బు కావాలో ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. ఇంటికని దాచిన దానిలోంచి అంత మొత్తం తీసి వేరే ఖాతాలో వేయండి. మీ ఆవిడకు ఈ సంగతులు చెప్పకుండా దాచి ఉంటే, ఇప్పుడు చెప్పండి. మీరు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని ఆమెకు తెలుసు, ఎందుకో మాత్రం తెలియక ఆమె కూడా నిద్రపోతూ ఉండకపోవచ్చు.